మేకలకనుమ మూడో మలుపు

వేసవి 131వ రోజు

నూనె పోసి నడిపే బండ్లకు రవాణా శాఖ ఇచ్చిన పుస్తకం ఇది. ఇందులో మూడే గడులు: నడిపిన దూరం, ఇంజను వేడి, లోపం. లోపం గడి అంగుళం వెడల్పుంది. నా బండి లోపం అందులో పట్టదు కాబట్టి గీతలు దాటి రాస్తున్నాను. చదివే అధికారికి అభ్యంతరముంటే ఇంకా పెద్ద గడులున్న పుస్తకం పంపవచ్చు.

పేరు తిప్పక్క. వయసు యాభై రెండు. ఊరు గువ్వలదొన, జనం రెండు వందల పదకొండు. బండి నేను పుట్టకముందు తయారైన ఫోర్ వీల్ డ్రైవ్ జీపు. కానుగ నూనెతో నడుస్తుంది. డ్రైవరు లేకుండా నడిచే మీ బుద్ధిబండ్లు రోడ్డు కింద కరెంటు పారే దారితీగ ఉన్నంతవరకే వచ్చి, "ఇక్కడితో మార్గం ముగిసింది, దయచేసి దిగండి" అని మర్యాదగా చెప్పి వెనక్కి తిరుగుతాయి. అక్కణ్ణించి మా ఊరికి ముప్ఫై ఒక్క కిలోమీటర్లు. మధ్యలో మేకలకనుమ ఎక్కి దిగాలి. ఆ ముప్ఫై ఒక్కటీ ఈ జీపువే.

నెల కిందట నోటీసు వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలకు జబ్బుపడిన మనిషిని తొంభై నిమిషాల్లో తీగరోడ్డు వైద్యశాలకు చేర్చలేని ఊరిని జాబితాలోంచి తీసేస్తారట. జనాన్ని ఎండ తగలకుండా మూసి కట్టిన నీడపట్నానికి తరలిస్తారట. మాకు పరీక్ష 152వ రోజున. మా చుట్టూ ఉన్న మూడు ఊళ్లు ఇలాగే ఖాళీ అయ్యాయి. వాటికి జీపు లేదు.

ఈ రోజు మధ్యాహ్నం అరవై కిలోల ఇసుక బస్తా వేసుకుని కనుమ ఎక్కి చూశాను. మూడో మలుపులో ముల్లు ఎర్రగీత దాటింది. ఆపేశాను. బానెట్ ఎత్తితే ఎక్కడా నీళ్లు కారలేదు, ఆవిరి లేదు, ఏమీ లేదు. పది నిమిషాలకు ముల్లు దానంతటదే దిగింది.

ఇంటికొచ్చి పీరా మామకు చెప్పాను. మహబూబ్ పీరా మా ఊరి మెకానిక్కు. డెబ్బై ఒక్కేళ్లు. నలభై ఏళ్లు లారీల కింద పడుకున్న మనిషి. ఇప్పుడు చూపు సగం పోయింది. చేత్తో తడిమి, చెవి పెట్టి విని పని చేస్తాడు.

"చదునులో కాగిందా?"

"ల్యా మామా. కనుమ కాడనే."

"నీళ్లు తగ్గినాయా?"

"చుక్క తగ్గల్యా."

ఆయన బానెట్ మీద అరచెయ్యి పెట్టి తడిమాడు. "రోగం చెప్పకుండా దాపెట్టుకునేదాని మాదిరుంది ఇది. సరే, ఒగటొగటే సూద్దాం. ఇరవై దినాలుండాయి కదా."

నడిపిన దూరం: ఇరవై రెండు. ఇంజను వేడి: మీకే తెలుసు.

వేసవి 133వ రోజు

తెల్లవారగానే రేడియేటర్ విప్పాం. రెక్కల సందుల్లో మిడతలు, గడ్డిపరకలు, ఎర్రమట్టి. గాలి దూరే సందు లేదు. వెనకవైపు నుంచి నీళ్లు కొడితే దోసెడు మిడతలు రాలాయి. లోపల సంగతి ఇంకా అన్యాయం. మా బోరు నీళ్లకు గిన్నెలే తెల్లగా పొరలు కడతాయి, రేడియేటర్ గొట్టాలు ఊరుకుంటాయా? చింతపండు పులుసు కాచి లోపల పోసి నానబెడదామన్నాడు పీరా మామ.

చింతపండు కోసం ఇల్లిల్లూ తిరిగాను. మా వీధిలో గంగరత్న ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్లు, కొర్ర పండిస్తుంది. మొగుడు కాటమయ్య కట్టలు వేస్తాడు. వానలో కొట్టుకుపోయే మట్టిని ఆపి ఈ ఊళ్లో చేను మిగిల్చిన రాతికట్టల్లో సగం ఆయన చేతివే. ఈ వేసవిలో ఇప్పటికే రెండుసార్లు ఎండదెబ్బకు పడిపోయాడు.

గంగరత్న డబ్బా మొత్తం నా ఒళ్లో పెట్టింది. పెట్టి అంది:

"తీస్కో. కానీ యాలక్కా ఇదంతా? నీడపట్నంలో మంచం పక్కనే డాక్టరుంటాడంట. ఈయప్ప మళ్లా పడిపోతే నీ ముసలి బండి ఎక్కించుకోని కనుమలో కూచోవాల్నా నేను?"

నా దగ్గర మొండితనం తప్ప ఇంకేమీ లేదు. చింతపండు తీసుకుని వచ్చేశాను.

వేసవి 136వ రోజు

పులుసు పోసిన రేడియేటర్ లోంచి సున్నం ముక్కలు తట్టెడు వచ్చాయి. కొత్త నీళ్లు పోశాం. ఫ్యాను బెల్టు బిగించాం. రేడియేటర్ మూత రబ్బరు మార్చాం. థర్మోస్టాట్ విప్పాం. అది ఇంజను నీళ్ల దారికి ఉన్న చిన్న తలుపు లాంటిది, నీళ్లు కాగితే తెరుచుకోవాలి. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు కాచి అందులో వేశాం. నీళ్లు పొగలు కక్కుతుంటే మెల్లగా నోరు తెరిచింది. బాగానే ఉంది.

మళ్లీ కనుమకు పోయాను. మూడో మలుపు. ఎర్రగీత.

ఆపి, బానెట్ ఎత్తి, ప్రతి గొట్టం చూశాను. అన్నీ గుండ్రంగా, బుద్ధిగా ఉన్నాయి. ఆ ఎండలో రోడ్డు పక్కన నిలబడి జీపును నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ మాటలు ప్రభుత్వ పుస్తకంలో రాయను.

తిరిగొచ్చి పీరా మామకు చెప్పాను. "హెడ్ గ్యాస్కెట్ పోయుంటే మాత్రం ఇంగ మూటలు కట్టుకోవాల్సిందే తిప్పక్కా. దాన్ని చేసేటోడూ ల్యాడు, అమ్మేటోడూ ల్యాడు."

గ్యాస్కెట్ అంటే ఇంజనులో నూనె, నీళ్లు కలవకుండా మధ్యలో ఉండే అట్ట. ఇంజనాయిల్ కొలపుల్ల తీసి నా మొహం ముందు పెట్టాడు. "పాలు కలిసినట్టు తెల్లగుందా?"

"ల్యా. నల్లగుంది."

"మూత తీసి ఇంజను వెయ్యి. నీళ్లల్లో బుడగలొస్తాండాయా?"

ఐదు నిమిషాలు చూశాను. ఒక్క బుడగ రాలేదు. ఆయన నేల మీద చతికిలబడి నవ్వాడు. గ్యాస్కెట్ బతికే ఉంది. ఐతే లోపమెక్కడ?

వేసవి 139వ రోజు

పంచాయతీ గోడతెర మీద శాఖ అధికారి శార్వాణి కనిపించింది. పాతికేళ్లు దాటి ఉండవు. మాట మెత్తన. 145వ రోజులోపు ఊరంతా సంతకం పెడితే లోపలి తోట వైపు కిటికీలున్న గదులిస్తారట. పరీక్షలో ఓడిపోయి వస్తే మిగిలిన గదులు.

"తిప్పక్క గారూ, మీరు కనుమలో రెండుసార్లు ఆగిపోయారని మీరు పంపిన దూరం, వేడి లెక్కలే చెబుతున్నాయి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం నా ఉద్దేశం కాదు."

"రెండుసార్లు కాదమ్మా, మూడుసార్లు. నిన్నటిది ఈ పొద్దు రాస్తా."

సాయంత్రం ఊరంతా కూర్చుంది. పోదామన్నవాళ్లను చేతులెత్తమన్నారు. ముప్ఫై నాలుగు చేతులు లేచాయి. అందులో గంగరత్నది ఒకటి. కాటమయ్య పక్కనే తల దించుకుని కూర్చున్నాడు, చెయ్యెత్తలేదు.

పరీక్షదాకా ఆగుదామన్నదే నిలిచింది. కానీ ఆ ముప్ఫై నాలుగు చేతులూ తప్పు అని నేననలేను. నేను పోనని మాత్రం అన్నాను. నా కాళ్ల మీద నేను నిలబడి, నా పొద్దు ఎప్పుడు మొదలుపెట్టాలో నేను చెప్పుకునే చోటు ఇది. నీడపట్నంలో తలుపులు పొద్దున తొమ్మిదికి మూసుకుంటే సాయంత్రం ఆరుకు గాని తెరుచుకోవు. ఎంత చల్లగా ఉన్నా నాకు అది పెట్టెలాగే తోస్తుంది.

వేసవి 142వ రోజు

ఇది ఇంటికొచ్చాక రాస్తున్నాను.

మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి గంగరత్న పరుగెత్తుకుంటూ వచ్చింది. కాటమయ్య కట్ట మీద పడిపోయాడు. ఒళ్లు నిప్పు. చెమట లేదు. మాట ముద్దముద్దగా వస్తోంది.

తడి గోనెపట్టాలు పరిచి జీపు వెనక పడుకోబెట్టాం. పీరా మామ బానెట్ విప్పి పక్కన పారేశాడు. "ఈ పొద్దు ఇంజనుకు ఎంత గాలి తగిల్తే అంత మేలు. నేను మడ్‌గార్డ్ మీద కూచుంటా" అన్నాడు. వద్దని వాదించే తీరిక లేదు. ఆయన నడుముకు తాడు కట్టి, ఆ తాడు జీపు కమ్మీకి బిగించాను.

కనుమ మొదట్లోనే ముల్లు లేచింది. హీటర్ పూర్తిగా తిప్పాను. బయట నలభై ఎనిమిది డిగ్రీలు, లోపల నా కాళ్ల మీద హీటర్. ఇంజను వేడిలో కొంత అది లాగేసుకుంటుంది. ఆ గాలి కాటమయ్యకు తగలకుండా సీటు వెనక తడి దుప్పటి కట్టాం. నా చెప్పులు పాదాలకు అంటుకుపోయాయి.

రెండో మలుపు దాటాక యాక్సిలేటర్ గట్టిగా తొక్కాను. ముల్లు ఎర్రగీత వైపు పరుగెత్తింది. పీరా మామ ఫ్యానుకు ఎడంగా వంగి చెయ్యి లోపల పెట్టాడు. పై గొట్టం తగిలి కేకేశాడు. అయినా చెయ్యి తీయలేదు. ఇంకా కిందికి పోనిచ్చాడు.

"తిప్పక్కా! కాలు తియ్! బండి నిలపొద్దు, యాక్సిలేటరు తగ్గించు!"

తగ్గించాను.

"ఇప్పుడు తొక్కు!"

తొక్కాను.

"తగ్గించు! దొరికింది, దొరికిందే! కింద గొట్టం! నువ్వు తొక్కితే రసం పీల్చేసిన మామిడిపండు మాదిరి అతుక్కోని పోతాండాది. తగ్గిస్తే లేస్తాండాది!"

అప్పుడర్థమైంది. మెత్తబడిన పాత రబ్బరు గొట్టం. ఇంజను వేగం పెరిగినప్పుడు పంపు నీళ్లను గట్టిగా లాగుతుంది. ఆ లాగుడుకు గొట్టం గోడలు రెండూ అతుక్కుని దారి మూసుకుపోతుంది. నేను బండి ఆపి దిగి బానెట్ ఎత్తేలోపు అది మళ్లీ గుండ్రంగా అయిపోతుంది. అందుకే ఇన్ని రోజులూ కంటికి దొరకలేదు.

కారణం దొరికింది కానీ దారి పొట్టి కాలేదు. గొట్టం అతుక్కోకుండా ఉండాలంటే మొదటి గేరులో, మెల్లగా, నడిచే మనిషి వేగంతో ఎక్కాలి. కాటమయ్య మూలుగు వెనక వినిపిస్తోంది. తొక్కాలని కాలు కొట్టుకుంటోంది. తొక్కితే అందరం అక్కడే ఆగిపోతాం. గంగరత్న ఆయన పక్కన తడిగుడ్డ పిండుతూ, మళ్లీ తడుపుతూ కూర్చుంది.

నూట ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టింది.

కాటమయ్య బతికాడు. కుడిచెయ్యి పట్టు పోయింది. అరగంట ముందొచ్చి ఉంటే ఆ చెయ్యి కూడా దక్కేదేమో అని డాక్టరు అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. అది నాకు తగిలిన తీరు ఈ పుస్తకంలో రాయడానికి గడి లేదు.

పీరా మామ అరచెయ్యంతా బొబ్బలు.

వేసవి 144వ రోజు

కింద గొట్టాన్ని విప్పి చూశాం. తయారైనప్పుడు లోపల ఒక తీగచుట్ట ఉండేదట, గొట్టం అతుక్కోకుండా. అది ఎప్పుడో తుప్పు పట్టి పొడైపోయింది. కొత్త గొట్టం ఈ దేశంలో ఎక్కడా లేదు. తీగచుట్ట మేమే చేసుకోవాలి. మామూలు ఇనుప తీగ ఐతే నీళ్లలో నెలకే తుప్పు పడుతుంది.

"తుప్పు పట్టని తీగ యాడుంది మామా మన ఊళ్లో?"

"ఊళ్లో ల్యా," అన్నాడు పీరా మామ, కట్టు కట్టిన చేత్తో కనుమ వైపు చూపిస్తూ. "కనుమలో ఉంది. ఆ శాఖోళ్లదే."

నిజమే. పన్నెండేళ్ల కిందట బుద్ధిబండ్లు మా ఊరిదాకా వస్తాయని చెప్పి కనుమ దాటి ఇవతలి మొదటి మలుపుదాకా దారితీగ పూడ్చారు. గుంతలు మా ఊరివాళ్లే తవ్వారు, నేనూ తవ్వాను. ఆ తీగకు ఇంతవరకు కరెంటు రాలేదు. దాని పైన తుప్పు పట్టని ఉక్కు తీగ చుట్టి ఉంటుంది.

పట్టపగలు, పదకొండు గంటలకు, గడ్డపారతో రెండు మీటర్ల దారితీగ తవ్వి కోసి తెచ్చాను. పై తీగ ఊడదీసి అప్పడాల కర్రకు చుట్టి, చుట్టచుట్టకూ మధ్య వేలు వెడల్పు ఎడం వచ్చేలా లాగి, గొట్టంలోకి దూర్చాం. తీగ కొసలు గొట్టాన్ని గీరకుండా వంచి రాయితో అరగదీశాం.

ఇది శాఖ ఆస్తి. తెలిసే తీశాను. రెండు మీటర్లు. చోటు: రెండో మలుపుకు నలభై అడుగుల ఇవతల. గుంత మళ్లీ పూడ్చలేదు, మీరు వెతుక్కోవడం సులభంగా ఉంటుందని.

వేసవి 147వ రోజు

మధ్యాహ్నం రెండు. ఇసుక బస్తా. హీటర్ వేయలేదు. మూడో మలుపు రెండో గేరులో తొక్కి పట్టి ఎక్కాను. ముల్లు నడిమిగీత దాటలేదు. పైన బండి ఆపి, దిగి, ఎవరూ లేని ఆ కొండల్లో గొంతు చించుకుని అరిచాను. మాటలేమీ కాదు, ఉత్త అరుపు.

అవతల దిగి తీగరోడ్డుదాకా పోయాను. వస్తూ వస్తూ వైద్యశాల నుంచి కాటమయ్యను, గంగరత్నను ఎక్కించుకున్నాను. వాళ్లకు నీడపట్నంలో గది ఇస్తామన్నారట, అప్పటికప్పుడే. గంగరత్న వద్దందని తెలిసి ఆశ్చర్యపోయాను. కనుమ దిగేదాకా ఆగి అడిగాను.

"నీ మీద ప్రేమతో కాదులే అక్కా," అంది. "చెయ్యి తిరిగి రావాలంటే పని చేస్తా ఉండాలని డాక్టరే చెప్పినాడు. రాయి ఎత్తాల, దించాల అన్నాడు. ఆ పట్నంలో రాయి యాడుంది? రోజంతా మంచం మీద కూచోబెడితే ఈయప్ప చెయ్యే కాదు, మనిషే పోతాడు."

కొంచెం దూరం పోయాక మళ్లీ అంది: "ఆ పొద్దు నువ్వు ఊళ్లో ల్యాకుంటే ఏమయ్యేది? పీరా మామకు కండ్లు కనపడవు. ఇంగెవురికీ నడపను రాదు. రేపట్నుంచి నాకు నేర్పు."

అది అడగడం కాదు, ఆర్డరు వేయడం.

వేసవి 152వ రోజు

శార్వాణి తీగరోడ్డు నుంచి నా జీపులోనే ఊరికి వచ్చింది. ఒకటిన్నరకు చేరాం. రెండింటికి గడియారం నొక్కి, వెనక తను తెచ్చిన అరవై కిలోల బొమ్మ పక్కన కూర్చుంది. ఊరంతా రోడ్డు మీద నిలబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఊరకే చూశారు.

చదునులో బండి ఎంత పోగలదో అంతా పోనిచ్చాను. కనుమలో మొదటి మలుపు. రెండో మలుపు, నేను తవ్విన గుంత. శార్వాణి దాన్ని చూసింది, చేతిలోని పలక మీద ఏదో రాసుకుంది. మూడో మలుపులో రెండో గేరు వేసి తొక్కాను. ముల్లు కదిలింది. ఒక గీత. ఇంకో అరగీత. అక్కడే నిలిచింది.

"ఇక్కడేనా ఆగేది?" అని అడిగింది వెనక నుంచి.

"ఈడనే ఆగేదమ్మా" అన్నాను, ఆగకుండా.

డెబ్బై మూడు నిమిషాలు.

వైద్యశాల ముందు బల్ల మీద కూర్చుని ఈ పుస్తకం మొదటినుంచీ చదివింది. 144వ రోజు దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత గొంతు తగ్గించి అంది:

"తిప్పక్క గారూ, ఈ ఒక్క పేజీ చిరిగిపోయి ఉంటే నేను ఏమీ అడగను. పాత పుస్తకాల్లో పేజీలు పోతుంటాయి."

ఆ పిల్ల మంచిదే. అది నాకు అప్పుడు తెలిసింది. అయినా తల అడ్డంగా ఊపాను.

"చదవాలనే రాసినానమ్మా. ఆ తీగ కోసరం మా ఊరోళ్లు ఎండలో గుంతలు తవ్వినారు. మీరు కరెంటు ఇయ్యల్యా. పన్నెండేండ్లు మట్టిలో పండుకున్న తీగ, మొన్ననే మొదటిసారి ఒక బండిని కనుమ ఎక్కించింది. ఆ మాట మీ ఆఫీసులో ఎవురో ఒకరు చదవాల. చింపితే ఎట్ల?"

"చదివితే నేను శిక్ష రాయాలి."

"రాయి."

ఆమె రెండూ రాసింది. ఒక కాగితం మీద: గువ్వలదొన పరీక్షలో నెగ్గింది, మూడేళ్లపాటు జాబితాలో ఉంటుంది. ఇంకో కాగితం మీద: శాఖ ఆస్తికి నష్టం కలిగించినందుకు డ్రైవరు తిప్పక్క లైసెన్సు తొంభై రోజులు రద్దు, రేపటి నుంచి. రెండూ నా చేతికిచ్చి, నిలబడి, నాకు నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను.

వేసవి 153వ రోజు

చేతి పరీక్షకు కాటమయ్య ఈ రోజు వైద్యశాలకు పోవాలి. శాఖ నుంచి, శార్వాణి సంతకంతో, పొద్దునే గంగరత్నకు తాత్కాలిక లైసెన్సు వచ్చింది. ఐదు రోజుల చదువుతో బండెక్కింది.

స్టీరింగ్ ముట్టకూడదని నా ఆర్డరులో ఉంది. పక్కసీట్లో కూర్చోకూడదని లేదు. రెండుసార్లు చదివి మరీ ఎక్కాను.

ఊరు దాటేలోపు ఇంజను రెండుసార్లు ఆగిపోయింది. మొదటి మలుపులో చక్రం రాయెక్కింది. వెనక కాటమయ్య ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని, కుడిచేతిలో పిడికెడంత రాయి పెట్టుకుని, దాన్ని నొక్కుతూ, వదులుతూ కూర్చున్నాడు. మూడో మలుపు వచ్చింది. నా కాలు ఊరుకోలేదు. ఉత్త నేలను తొక్కాను.

"గేరు, గేరు, రెండో గేరు వెయ్యే..."

"నోరు మూసుకోని కూచో అక్కా," అంది గంగరత్న, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నడిపేది నేను."

రెండో గేరు వేసింది. తొక్కింది. కనుమ ఎక్కేశాం.